ఇల్లు ఖాళీ చేయించుట యెట్లు?

ఇల్లు తనదైనంత మాత్రమున, అందు కాపురమున్నవానిని తనకు తోచిననాడు వెడలగొట్టు నధికారము యజమానికి లేదు. ఈ సంగతి తెలియకయో, తెలిసియో కొందఱు గృహస్థులు కోపము వచ్చిననాడే తాళము మార్చుచున్నారు. నీరును, విద్యుత్తును ఆపుచున్నారు. వేఱొకవంక, నోటీసులో నొకదినము తక్కువైనదని వంకపెట్టి యిల్లు విడువని అద్దెదారులును గలరు. ఉభయులును శాసనమును చక్కగా నెఱుగుట మేలు.

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టమందలి 106వ సెక్షను దీనికి మూలము. ఒడంబడికలోగాని, స్థానికశాసనమునగాని, ఆచారమునగాని వేఱు నిబంధన లేనిచో, నివాసగృహముల అద్దె నెలనెలకు సాగునదిగా నెంచబడును. 15 దినముల నోటీసుతో దానిని ముగింపవచ్చును. వస్తూత్పత్తికై యిచ్చిన కట్టడములకు 6 మాసముల గడువు వలయును. సేద్యపు భూముల కౌళ్లను ప్రత్యేకశాసనములు పాలించును.

నోటిమాట చాలదు. నోటీసు వ్రాతలో నుండవలయును. ఇచ్చువాని సంతకమైనను, అతని పక్షమువాని సంతకమైనను ఉండవలయును. తపాలాలో పంపవచ్చును, అద్దెదారునకుగాని, ఇంట నాతని కుటుంబమువారికిగాని, సేవకులకుగాని చేతికీయవచ్చును. అది సాధ్యము కానిచో ఇంటిపై నందఱకు కనబడుచోట నంటింపవచ్చును. ఇల్లు విడువగోరు అద్దెదారుడును ఇదే పద్ధతి ననుసరింపవలయును.

పూర్వము నోటీసు గడువు అద్దెమాసాంతముతో సరిగా ముగియవలసి యుండెను. దినము తప్పిన దావా వీగిపోయెడిది. 2002 నాటి సవరణము ఈ చిక్కును తీర్చెను. ఇప్పుడు గడువు నోటీసు అందిననాటినుండి లెక్కింపబడును. నోటీసులో గడువు తక్కువ వ్రాసినను, పూర్తిగడువు దాటిన పిమ్మట దావా వేసినచో అది చెల్లును. కాని కౌలును సాగనిచ్చు తలంపుతో మరల అద్దె పుచ్చుకొన్నచో నోటీసు రద్దగును. యజమానులు దీనిని మఱవరాదు.

అద్దె నియంత్రణశాసనము వర్తించు నిండ్ల విషయమున నోటీసుకంటె కారణము ప్రధానము. బుద్ధిపూర్వకముగా అద్దె యెగవేయుట, అనుమతి లేక యితరులకు అద్దెకిచ్చుట, యజమానికి నిజమైన యవసరము కలుగుట మున్నగునవి రుజువు కావలయును. అట్టిచోట 106వ సెక్షను నోటీసు అక్కఱలేదని 1979లో సుప్రీంకోర్టు ధనపాల్ చెట్టియార్ వ్యాజ్యమున తీర్మానించెను.

నోటీసు గడువు తీరినను యజమాని చేతికి గునపము రాదు. న్యాయస్థానమునకు పోవు దారి మాత్రమే తెఱవబడును. బలాత్కారముగా వెడలగొట్టబడినవాడు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము 6వ సెక్షను ననుసరించి, 6 మాసములలోపల దావావేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. అప్పుడు యజమానికి ఇల్లును దక్కదు, ఖర్చులును మిగులును. పదునైదు దినముల యోపిక యీ నష్టముకంటె చౌక. వంటపొయ్యి నార్పి, బిడ్డలతో వేఱొక నీడ వెదకుకొనుటకు కుటుంబమునకు దొరకు వ్యవధియు అంతే. దానిని దయగా నిచ్చుచున్నామని యజమానులు తలపరాదు. అది వారు చెల్లింపవలసిన బాకీ.