పాతకత్తికి కొత్త వాదర

రామచంద్రపురము మొదలుకొని ద్రాక్షారామము, కోటిపల్లి వరకు వ్యాపించిన మాగాణిసీమలో కాలువల తేమయు సముద్రపుగాలియు ఇనుపవస్తువులను చిరకాలము నిలువనీయవు. కావుననే పాత భోషాణములలోను, అడపములలోను మిగిలిపోయిన మంగలికత్తులు బయటపడినప్పుడు, పిడిలో మడిచియుంచిన భాగమంతయు ఎఱ్ఱని తుప్పు క్రమ్మి కనబడుచుండును. పుట్టువెండ్రుకలు తీయుట మొదలు అపరకర్మ వరకు గృహస్థునకు అవసరపడిన ఈ పనిముట్టును, నాదస్వరవిద్యతోపాటు తరతరములుగా కాపాడుకొనివచ్చిన నాయీబ్రాహ్మణుల నైపుణ్యమునకు గుర్తుగానైనను బాగుచేసి ఉంచుకొనదగునని నా దృఢవిశ్వాసము.

ముందుగా కత్తితోకపై చెక్కిన ముద్రను చూడవలెను. ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెను పట్టణములు ఈ కత్తులకు లోకప్రసిద్ధములు. అయినను ఉక్కు విషయమున మనము పరాయివారము కాము: నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున కరగించిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు, లండనులో క్షురకత్తులు చేసిన జేమ్సు స్టోడార్టు భారతదేశపు ఉక్కును మెచ్చి వాడుటయేగాక, 1820 ప్రాంతమున మైకేలు ఫారడేతో కలిసి దానిపై ప్రయోగములు సాగించెను.

తుప్పు పైపైన ఉన్నచో నూనెలో నానవేసి, సన్నని ఉప్పుకాగితముతో వెన్నునుండి వాదరవైపునకు మెల్లగా రుద్దిన తొలగును. రుద్దునపుడు వాదరకు దళసరి గుడ్డపట్టీ చుట్టుట మఱవరాదు. గుంటలు వాదర చివరివరకు ప్రాకినచో, లేక అంచున సన్నని బీటయైన కనబడినచో, ఆ కత్తిని గడ్డమునకు వాడు ఆశ వదలి, జ్ఞాపికగా దాచుకొనుట మేలు. నల్లని మరకలను మాత్రము సమూలముగా తీయబూనరాదు; అవి కత్తి వయస్సునకు చిహ్నములు, వానివలన హాని లేదు. త్వరపడి విద్యుత్తుతో తిరుగు సానచక్రమునకు కత్తిని అందించువారు కొందఱు కలరు. కాగితమువలె పలుచనైన ఆ అంచు క్షణములో వేడెక్కి నీలివన్నెకు తిరుగును. దానితో ఉక్కుకు పెట్టిన పదును శాశ్వతముగ చెడి, మఱి ఎంత నూరినను వాదర నిలువదు.

నూరుటలోనే కత్తి చేసినవాని బుద్ధిసూక్ష్మత తెలియవచ్చును. వంటకత్తిని నూరునపుడు వాలు మన చేతినిబట్టి ఉండును. క్షురకత్తికి ఆ బాధ లేదు. వెన్నును వాదరను ఒక్కసారిగా రాతిపై ఆనించినచో, వెన్ను మందమే దాని వాలును నిర్ణయించును. అందుచేత వెన్నును పైకెత్తరాదు, బలముగ అదుమనురాదు. చదునైన సానరాతిపై నీరుచల్లి, వాదర ముందుండునట్లు కత్తిని నడపుచు, ప్రతిసారి వెన్నుమీదుగా తిప్పవలెను. కత్తి కదలునపుడు రాతిపైని నీరు అంచు పొడవునను అలుగువలె ఎక్కి కత్తిపైకి ప్రాకినచో వాదర అంతటను రాతిని తాకుచున్నదని గ్రహింపవచ్చును. ఎచ్చట నీరు ఎక్కక అడుగున దూరిపోవునో అచ్చట ఇంకను పని మిగిలియున్నది. 1000 గరుకు రాతితో మొదలిడి, 4000 మీదుగా 8000 నునుపు రాతికి వచ్చి, పిమ్మట తోలుపట్టీపై సాగదీయవలెను. తోలుపై మాత్రము వెన్ను ముందు, వాదర వెనుక నడచును, లేనిచో పట్టీ తెగును.

పిడి కొమ్ముదైనచో నూనె రాచిన చాలును. సెల్యులాయిడుదై చీకి, ఘాటైన వాసన వేయుచున్నచో, దానినుండి వెలువడు ఆమ్లపు ఆవిరి బాగుచేసిన ఉక్కును మరల తినివేయును గనుక చీలలు ఊడదీసి వేఱుపిడి అమర్చుట అవసరము.

రక్తముద్వారా వ్యాపించు రోగముల భయముచేత క్షౌరశాలలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్లేడు మార్చు కత్తులు వాడుకకు వచ్చినవి. అది మంచి మార్పు. కావున బాగుచేసిన పాతకత్తి ఒక్కరి గడ్డమునకే పరిమితము కావలెను. పని ముగిసిన వెంటనే తుడిచి, గాలికి ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె చుక్క రాచిన పిమ్మటనే పిడిలోనికి మడువవలెను. వానకాలమున దానిని తోలుసంచిలో ఉంచరాదు.