దూరం పెరిగితే ప్రయాణం తగ్గడమేమిటి?

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం? గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలిస్తే దాదాపు 12,400 కిలోమీటర్లు. దారం సైబీరియా మీదుగా, ఆర్కిటిక్ సముద్రం మీదుగా పోతుంది. గోడకి తగిలించిన మ్యాపు చూసి పెరిగిన మన కంటికి అది వంకర దారి. భూమి గుండ్రం కాబట్టి అంతకన్నా దగ్గరి దారి లేదు.

విమానాలు ఆ దారం వెంటే పోవాలని లేదు. 2015 డిసెంబరులో ఎయిరిండియా ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టినప్పుడు పడమటికి, అట్లాంటిక్ మీదుగా నడిపింది. సుమారు 13,900 కిలోమీటర్లు. మరుసటి ఏడాది అక్టోబరులో తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300కి పెరిగింది. ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో దిగారు.

‘భూమి తిరుగుతోంది కదా, అందుకే’ అంటారు చాలామంది. ఆ లెక్కనే పోతే, భూమి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి పడమటికి వెళ్లేవాళ్లకే ఊరు ఎదురు రావాలి! అలా జరగదు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది. పరుగెత్తే రైల్లో ఎగిరి గెంతితే మళ్లీ అదే చోట పడతాం కదా, ఇదీ అంతే.

అసలు సంగతి పైన వీచే గాలిది. భూమధ్యరేఖ వైపు వేడి, ధ్రువాల వైపు చలి. ఈ తేడా వల్ల పైగాలి ధ్రువం వైపు కదలబోతుంది, భూభ్రమణం దాన్ని తూర్పుకి మళ్లిస్తుంది. భూమి తిరగడానికి ఇందులో పాత్ర ఉన్నది ఇలా. పది కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు తిరిగే చోట, సన్నని ఏరులా పారే ఈ గాలినే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే.

గోదావరిలో పడవ నడిపేవాళ్లకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. వాలుకి పోతే ఏరే మోస్తుంది, ఎదురీదితే తెడ్డు వేసినవాడికే తెలుస్తుంది. గాల్లో గంటకి 900 కిలోమీటర్లు పోయే విమానాన్ని వెనక నుంచి 150 వేగంతో గాలి నెడితే, నేల మీద లెక్కకి 1,050. దాంతో 15,300ని భాగించి చూడండి. వచ్చేటప్పుడు అదే దారి పడితే ఆ గాలే ఎదురవుతుంది.

ఈ గాలిని 1920లలోనే జపాన్‌లో ఓయిషి వసబురో అనే శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని ఎస్పరాంతో భాషలో అచ్చు వేయించాడు. పాపం, బయట దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1944లో జపాన్ మీదికి వచ్చిన అమెరికన్ బాంబర్లకి ఆ గాలి నేరుగా తగిలింది.

ఇక టికెట్ మీది గంటలు వేరే లెక్క. ఎండాకాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక. ఢిల్లీలో సోమవారం తెల్లవారుజామున 4కి ఎక్కి పదిహేనున్నర గంటలు ఎగిరితే, అక్కడ దిగేసరికి అదే సోమవారం ఉదయం 7. టికెట్ చూసి మూడు గంటల ప్రయాణమే కదా అని అమ్మ ఫలహారం డబ్బా సర్దకుండా బయల్దేరితే ఇబ్బందే.