అప్‌లోడ్ వెనుక అసలు కథ

ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు అంటే ఇప్పుడు ఫొటో, సంతకం, ధ్రువపత్రాలు అప్‌లోడ్ చేయడమే. అభ్యర్థికి అది ఒక్క క్లిక్కు. సర్వర్‌కు మాత్రం అపరిచితుడికి తలుపు తీయడం.

ఫారంలో నింపిన వివరాలు, ఫైళ్లు వేర్వేరు భాగాలుగా ఒకే మూటలో వెళ్తాయి. ఈ పద్ధతిని 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1867 ప్రతిపాదించింది. 2009లో వచ్చిన నోడ్ జేఎస్‌లో ఆ మూట విప్పే పనిని చాలామంది ప్రోగ్రామర్లు మల్టర్ అనే ఉచిత ప్యాకేజీకి అప్పగిస్తారు. చిక్కంతా అక్కడే. ఫైలు పేరు, రకం పంపినవారు చెప్పినవే. ఫొటో పేరుతో ఏదైనా రావచ్చు. సైజుకు ప్రోగ్రామర్ పరిమితి పెట్టకపోతే హద్దే ఉండదు.

తప్పుగా కట్టిన ఒక్క మూటతో సర్వర్ ప్రోగ్రామే కుప్పకూలే లోపాన్ని 2025లో వచ్చిన మల్టర్ 2.0 సరిదిద్దింది. పాత వెర్షన్‌తో నడిచే సైటులో గడువు చివరి రోజున అలా జరిగితే మునిగేది అభ్యర్థే.

జాగ్రత్తలు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు: సైజుకు హద్దు పెట్టడం, ఫైలుకు కొత్త పేరు ఇవ్వడం, లోపలి బైట్లను పరీక్షించడం, వెబ్‌సైటు ఫోల్డర్‌కు బయట భద్రపరచడం. నిర్లక్ష్యం మాత్రం ఖరీదైనదే. వ్యక్తిగత సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నిర్దేశించిన జరిమానా రూ.250 కోట్ల వరకు ఉంది.