ముసలి నేస్తానికి ఊతకర్ర మనమే!

అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు ఇంటికొచ్చింది. చెప్పులు కొరికింది, సోఫా చింపింది, పిల్లలతో పాటు పెరిగింది. ఇప్పుడు పిల్లలింకా స్కూల్లోనే ఉన్నారు, అది మాత్రం ముసలిదైపోయింది. ఐటీ కారిడార్ ఇళ్లలో ఈ ‘పెద్దవాళ్ల’ బాగోగులు ఎలా చూసుకోవాలి?

తెల్లవారుజామున అయిదున్నర. కొండాపూర్‌లో ఏ అపార్ట్‌మెంటు ముందు నిలబడ్డా ఒకటే దృశ్యం. నైట్‌షిఫ్టు ముగించుకుని క్యాబ్ దిగేవాళ్లు కొందరు, కుక్క గొలుసు పట్టుకుని వాకింగ్‌కి బయల్దేరేవాళ్లు మరికొందరు. కుర్ర కుక్కలైతే మనిషినే లాక్కెళ్తుంటాయి. వాటి వెనకాల... పది అడుగులు వేసి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ నాలుగడుగులు వేసే లాబ్రడార్ ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. మూతి చుట్టూ తెల్ల వెంట్రుకలు, కళ్లలో నీలిపొర, వెనక కాళ్లలో వణుకు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఫ్లాట్లు పెరిగాయి. ఉద్యోగం, కారు, సొంతిల్లు... ఆ వరసలోనే చాలా ఇళ్లకు ఓ కుక్కపిల్లా వచ్చింది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో అదే తొలి సంతానం! వాటిలో ఎన్నో ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో సరదాగా తెచ్చుకున్నవీ నడివయసుకు వచ్చేశాయి.

ఏడేళ్లకే షష్టిపూర్తి!

కుక్క వయసును ఏడుతో గుణిస్తే మనిషి వయసు వస్తుందని చాలామంది లెక్క. కానీ అది సరికాదంటున్నారు శాస్త్రవేత్తలు. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లాబ్రడార్ల డీఎన్‌ఏలో వచ్చే మార్పుల్ని పరిశీలించి కొత్త లెక్క కట్టారు. దాని ప్రకారం ఏడాది కుక్క మనలో ముప్ఫయ్యేళ్ల వ్యక్తితో సమానం. ఏడేళ్లదైతే అరవై దాటినట్టే, పన్నెండేళ్లదైతే డెబ్భైకి చేరినట్టే. చిన్న జాతులు కాస్త ఎక్కువకాలం బతుకుతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్‌డేన్ లాంటి పెద్ద జాతుల్లో ఏడేళ్లకే ముసలితనం మొదలవుతుంది. అందుకే అప్పట్నుంచీ ఏడాదికోసారి కాకుండా ఆరునెలలకోసారి డాక్టరుకు చూపించి రక్త, మూత్ర పరీక్షలు చేయించాలి.

నీళ్లు ఎక్కువ తాగుతోందంటే మూత్రపిండాలో, మధుమేహమో కారణం కావచ్చు. నోటి దుర్వాసనకు పళ్ల చిగుళ్లు చూడాలి. కంట్లో నీలిపొర ప్రతిసారీ శుక్లం కాదు, వయసుతో వచ్చే మామూలు మార్పూ కావచ్చు. తేల్చాల్సింది మాత్రం డాక్టరే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించని ఆడకుక్క నీరసపడి, ఎక్కువగా నీళ్లు తాగుతుంటే గర్భసంచిలో చీము చేరిందేమోనని అనుమానించాలి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు.

టైల్స్ మీద జారుడుబండ

ఫ్లాట్లలో అద్దంలా మెరిసే టైల్స్ మనకు అందం, కీళ్లనొప్పులున్న కుక్కకు గండం. ఒక్కసారి జారిపడితే లేవడానికే భయపడుతుంది. అది తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లో, పాత దుప్పట్లో పరిస్తే సగం సమస్య తీరుతుంది. గోళ్లు, పాదాల మధ్య వెంట్రుకలు కత్తిరించాలి. సోఫా, కారు ఎక్కడానికి చిన్న ర్యాంపు పెట్టాలి. పడుకోవడానికి మందపాటి పరుపు వేయాలి.

ఇక వాకింగ్. గంటసేపు ఒక్కసారి తిప్పేకంటే పావుగంట చొప్పున మూడుసార్లు తిప్పడం మేలు. వేసవిలో పొద్దెక్కితే తారురోడ్డు పెనంలా కాలుతుంది. అరచేతి వెనకభాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ భరించలేవు. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసమే సుమారు 1.3 ఎకరాల్లో పార్కు ఏర్పాటు చేసింది. అలాంటిచోట పచ్చిక మీద మెల్లగా నడిపిస్తే కాళ్లకూ మనసుకూ హాయి.

‘కుక్కతో లిఫ్టెక్కొద్దు’ అని బోర్డు పెట్టే అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. కాళ్లు లేవని కుక్కను ఎనిమిది అంతస్తులు ఎలా దింపుతారు? పెంపుడు కుక్కల్ని లిఫ్టులో ఎక్కనివ్వకపోవడం కుదరదని భారత జంతు సంక్షేమ మండలి 2015 నాటి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

ముద్ద తగ్గితే ముప్పు తగ్గు

‘పాపం, ముసలిది’ అంటూ నానమ్మలు రెండు ముద్దలు ఎక్కువే పెడతారు. అక్కడే చిక్కు! పద్నాలుగేళ్లపాటు 48 లాబ్రడార్ల మీద సాగిన ఓ అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. జతలోని కుక్క కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లనొప్పులూ వాటికి ఆలస్యంగా వచ్చాయి. బరువు అదుపులో ఉండటమే అసలు మందు. ఉల్లిపాయ వేసిన కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఏ వయసులోనూ పెట్టకూడదు. పెరుగన్నం తింటుందిగా అని మూడుపూటలా అదే పెడితే మాంసకృత్తులు చాలక కండ కరిగిపోతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. కుంటుతోంది కదా అని ఇంట్లోని మాత్ర వేసేయడం! మనం వాడే పారాసెటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కాలేయాన్ని, పేగుల్ని, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. వాటికి వేరే నొప్పిమందులున్నాయి. అవి వెటర్నరీ డాక్టరు రాస్తేనే వాడాలి.

మరిచిపోతోంది... మరవకండి

అర్ధరాత్రి లేచి ఇల్లంతా తిరుగుతుంది. గోడకేసి చూస్తూ నిలబడుతుంది. ఎన్నడూ లేనిది హాల్లో మూత్రం పోస్తుంది. ‘పొగరెక్కింది’ అని కసురుకుంటాం. అది పొగరు కాదు, మనుషుల్లో మతిమరుపు లాంటి జబ్బే కావచ్చు. 2001లో అమెరికా పరిశోధకులు పరిశీలిస్తే పదకొండు, పన్నెండేళ్ల కుక్కల్లో 28 శాతం, పదిహేను, పదహారేళ్ల వాటిలో 68 శాతం ఇలాంటి లక్షణం కనీసం ఒక్కటైనా చూపించాయి. సామాన్లు ఉన్నచోటే ఉంచడం, రాత్రి చిన్న దీపం వెలిగించడం, తిండికీ నడకకీ వేళ తప్పకపోవడం దానికెంతో ధైర్యాన్నిస్తాయి.

ఆన్‌సైట్ స్వర్గమా, కుక్కా?

ఐటీ ఇళ్లలో అసలు పరీక్ష ఆన్‌సైట్ ఆఫర్ వచ్చినప్పుడు. 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనలు మరింత గట్టివయ్యాయి. మన దేశం నుంచి వెళ్లే కుక్కకు మైక్రోచిప్, రేబిస్ టీకా పత్రాలు తప్పనిసరి. ఇక్కడ టీకా వేయించిన కుక్కకు సరైన రక్తపరీక్ష ఫలితం లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్. ముసలి కుక్కకు అంత ప్రయాణమే కష్టం. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంచుదామంటే వాళ్లకీ మోకాళ్ల నొప్పులే. చివరికి కొందరు చేసేదేంటంటే... కారులో తీసుకెళ్లి తెలియని వీధిలో వదిలేసి వచ్చేయడం.

ఇంట్లో పెరిగిన ముసలికుక్క వీధిలో బతకలేదు. జంతుహింస నిరోధక చట్టం, 1960 ప్రకారం ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడం నేరం. తొలి తప్పుకు జరిమానా... పది నుంచి యాభై రూపాయలు! ఆ యాభైతో హైటెక్‌సిటీ కాఫీషాపులో కప్పు కాఫీ కూడా రాదు. కాబట్టి భయపెట్టాల్సింది చట్టం కాదు, మన మనస్సాక్షే. వెంట వచ్చిన కుక్కను వదిలేస్తే స్వర్గంలోకి రమ్మంటే, ఆ స్వర్గమే వద్దన్న ధర్మరాజు కథ మన ఇళ్లలో పిల్లలకు చెప్పేదే కదా! ఆఫర్ రాగానే వీసా కంటే ముందు కుక్కకు నమ్మకమైన ఇల్లు వెతకాలి. దానికి అలవాటైన బంధువులో, స్నేహితులో అయితే మంచిది. కొన్ని వారాల ముందునుంచే అక్కడ అలవాటు చేయాలి. వైద్యం ఖర్చు మనమే పంపాలి.

చివరి రోజు...

క్యాలెండర్‌లో రోజూ ఒక గుర్తు పెట్టమంటారు డాక్టర్లు. తిని, తోక ఊపి, నొప్పి లేకుండా నిద్రపోతే మంచిరోజు. లేకపోతే చెడ్డరోజు. చెడ్డరోజులే ఎక్కువైతే, నొప్పి ఏ మందుకూ లొంగకపోతే, కారుణ్య మరణం గురించి డాక్టరుతో మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. అది చంపడం కాదు, బాధ నుంచి విడిపించడం. ఆ క్షణాన అది చూడాలనుకునే ముఖం మనదే కాబట్టి పక్కనే ఉండాలి. పిల్లలకు ‘ఊరెళ్లింది’ అని అబద్ధం చెప్పకుండా వీడ్కోలు చెప్పనివ్వాలి. నాగోలు దగ్గరి ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల కోసం శ్మశానవాటికా ఉంది.

మనం ఆఫీసు నుంచి ఎప్పుడొస్తామా అని పదేళ్లూ పన్నెండేళ్లూ గుమ్మం దగ్గర కూర్చుని ఎదురుచూసింది అది. ఇప్పుడు పది అడుగులకోసారి ఆగుతోంది. గొలుసు లాగకండి... కాసేపు ఆగండి. ఎదురుచూడటం ఇక మన వంతు!