వైఫై వస్తోంది, వైరు పెడితే మాత్రం రావట్లేదు... ఎందుకు?

ఇంట్లో ఫోన్లన్నీ వైఫై మీద చక్కగా నడుస్తుంటాయి. అదే రౌటర్ నుంచి కేబుల్ లాగి కంప్యూటర్‌కి గుచ్చితే ‘నో ఇంటర్నెట్’ అంటుంది. ఎందుకలా?

వైఫై వస్తోందంటే సగం సంగతి తేలిపోయినట్టే. వీధిలోంచి ఇంటిదాకా లైను బాగుంది, రౌటరూ పనిచేస్తోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గంటసేపు పాట వినక్కర్లేదు. అయితే ఫోన్ నిజంగా వైఫై మీదే ఉందో, గుట్టుగా మొబైల్ డేటా వాడుకుంటోందో డేటా ఆపేసి చూసుకోండి. అది ఖాయమైతే తేడా రౌటర్ పోర్టుకీ కంప్యూటర్‌కీ మధ్యే ఉంది.

ముందు కేబుల్ గుచ్చినచోట చిన్న లైటు వెలుగుతోందా చూడండి. ఆ లైటున్న కంప్యూటర్లో అది ఆరిపోయి ఉంటే సెట్టింగులతో కుస్తీ పట్టడం దండగ. ప్లగ్గు తీసి ‘టిక్’మనేలా మళ్లీ పెట్టండి. దానిమీది ప్లాస్టిక్ క్లిప్ విరిగితే పైకి పెట్టినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఆనదు. రౌటర్‌లో ఇంకో ల్యాన్ పోర్టుకి మార్చండి. కొన్ని ఫైబర్ పెట్టెల్లో ఒక పోర్టును సెట్‌టాప్ బాక్సుకే కేటాయిస్తారు; అందులో పెడితే లైటు వెలుగుతుంది గానీ నెట్ రాదు. ఇంట్లో మరో కేబుల్ ఉంటే మార్చి చూడటం అన్నిటికన్నా తేలిక.

లైటు వెలుగుతున్నా నెట్ రాకపోతే? విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి, అక్కణ్నుంచి ఈథర్‌నెట్‌లోకి వెళ్లండి. ఐపీవీ4 అడ్రస్ మామూలుగా ఇళ్లలో 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైందా, దొంగ దొరికినట్టే. కేబుల్ తగలగానే కంప్యూటర్ ‘నాకో అడ్రస్ ఇవ్వండి’ అని అడుగుతుంది. ఇవ్వాల్సింది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ. అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే విండోస్ తనకు తానే 169.254 అడ్రస్ ఒకటి తగిలించుకుంటుంది. దాంతో బయటికి వెళ్లడం కుదరదు. రౌటర్‌ని ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ అదే అడ్రస్ వస్తే మళ్లీ కేబుల్‌నీ పోర్టునీ అనుమానించాల్సిందే.

అదే పేజీలో ఐపీ అసైన్‌మెంట్ ఎదురుగా ‘మాన్యువల్’ అని ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి. ఆఫీసు నుంచి తెచ్చుకున్న కంప్యూటర్లలో అక్కడి అడ్రస్ అలాగే ఉండిపోతుంటుంది. మరి అదే కంప్యూటర్లో వైఫై ఎలా వస్తోందంటారా? వైఫైకీ వైరుకీ సెట్టింగులు వేర్వేరు. ఒకదాంట్లో రాసిపెట్టింది రెండోదానికి అంటదు. డీఎన్ఎస్ సంగతీ అంతే, దాన్ని కూడా ఆటోమేటిక్‌లోనే ఉంచండి.

ఇక నెట్ వస్తుంది గానీ నత్తనడక నడుస్తుందనేవారి కథ. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డబ్బులు కడుతుంటారు, స్పీడ్ టెస్ట్ చేస్తే 95 దగ్గర ఆగిపోతుంది. ఆ ఈథర్‌నెట్ పేజీలోనే లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాల్సినచోట 100 అని కనిపించిందా? కేబుల్లో ఎనిమిది సన్నటి తీగలు రెండేసి మెలేసుకుని నాలుగు జతలుగా ఉంటాయి: ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్. వెయ్యి ఎంబీపీఎస్ వేగానికి నాలుగు జతలూ కావాలి. వందకి రెండే చాలు; మామూలుగా వాడే వరుసలో ఆ రెండూ ఆరెంజ్, గ్రీన్. తలుపు సందులో నలిగో, ఎలుక కొరికో బ్లూ జతలో ఒక్క తీగ తెగినా చాలా కంప్యూటర్లు నోరు మెదపకుండా వందకి దిగిపోతాయి. నెట్ ఆగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రౌటర్ పోర్టే వంద దాటనిది కావడమూ మామూలే, ముందు అది కనుక్కోండి. కేబుల్ చివర మాత్రమే చెడితే కొత్త ఆర్‌జే45 ప్లగ్గు బిగిస్తే సరిపోతుంది. మధ్యలో తెగితే అతుకులు పెట్టకండి, కొత్తది వేయించండి.

పిడుగులు పడ్డ రాత్రి తర్వాత కంప్యూటర్ పోర్టే చచ్చిపోవడం వానాకాలంలో కొత్తేం కాదు. అదే కేబుల్‌తో మరో ల్యాప్‌టాప్‌లో నెట్ వస్తూ మీ దాంట్లో లైటైనా వెలగకపోతే, డివైస్ మేనేజర్లో ఈథర్‌నెట్ అడాప్టర్ పేరు అసలుందో లేదో చూడండి. డ్రైవర్ మళ్లీ ఎక్కించినా లాభం లేకపోతే మదర్‌బోర్డు జోలికి పోకండి. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ ఒకటి కొని గుచ్చుకుంటే చాలు. కొనేటప్పుడు గిగాబిట్‌దేనా, యూఎస్‌బీ 3.0దేనా అని అడగండి. చవకరకాల్లో చాలావాటికి వందే హద్దు.