ఎండిన వాగులో బంగారము

ఆస్ట్రేలియా దేశపు ఆగ్నేయ భాగమున విక్టోరియా రాష్ట్రము కలదు. అది దక్షిణార్ధ గోళమున నుండుటచే, మనకు చలికాలమైన డిసెంబరు, జనవరి నెలలు అచట నడివేసవి. ఆ దినములలో బెండిగో, డనోలీ, మేరీబరో పట్టణముల పరిసరములందలి చిన్న వాగులు పెక్కు ఎండిపోవును. పాఠశాలలకు కూడ సెలవులు. అప్పుడు కొన్ని కుటుంబములు పిల్లలను వెంటబెట్టుకొని, చిన్న గునపము, జల్లెడ, వెడల్పాటి పళ్లెము చేతబట్టి వాగులోనికి దిగును. వారు వెదకునది బంగారము.

చూచువారికి ఇది కేవలము అదృష్టపు ఆట వలె తోచును. కాని వాగులో బంగారము ఇచ్చవచ్చిన చోట నిలువదు. దానికొక నియమము కలదు.

బంగారము వాగునకు చేరుట

మధ్య విక్టోరియాలోని కొండలు ఒకప్పుడు సముద్రగర్భమున పేరుకొనిన ఇసుక, బురద గట్టిపడి ఏర్పడిన ఇసుకరాళ్లు, పలకరాళ్లు. ఈ పొరలు ముడుతలు పడి పగిలినవి. సుమారు 44 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి లోతులనుండి వచ్చిన వేడినీరు ఆ పగుళ్లగుండ ప్రవహించి, పలుగురాతిని, దానితోపాటు బంగారమును అచట వదలినది. తరువాత ఎండకు, వానకు కొండ అరిగి, పలుగురాయి పగిలినది. తుప్పు పట్టని బంగారము మాత్రము రేకులుగా, నలుసులుగా విడివడి వాననీటితో వాగునకు చేరినది.

నీరు చేయు వేర్పాటు

ఒక ఘన సెంటీమీటరు పలుగురాయి 2.65 గ్రాములు తూగును. అంతే బంగారము 19.3 గ్రాములు తూగును. అనగా బంగారము సుమారు 7 రెట్లు బరువు. నీటిలో ముంచినచో ఆర్కిమిడీసు సూత్రము ననుసరించి రెండును ఒక్కొక్క గ్రాము బరువు కోల్పోవును. అప్పుడు పలుగురాయికి మిగులునది 1.65, బంగారమునకు మిగులునది 18.3. ఇప్పుడు భేదము 11 రెట్లు! నీటిలో బంగారము ఇసుకనుండి మరింత సులభముగా వేరగుటకు ఇదియే కారణము.

వరద వచ్చినప్పుడు వాగు ఇసుకను, గులకరాళ్లను ఈడ్చుకొని పోవును. నీటివేగము తగ్గిన చోట మొట్టమొదట ఆగునది బంగారమే. కనుక తెలిసినవారు వాగు వంపు లోపలి ఒడ్డున, పెద్దబండల వెనుక వెదకుదురు. ఇసుక కదలినప్పుడెల్ల బంగారము మరింత క్రిందికి దిగి, అడుగుబండ మీదనో, గట్టి బంకమంటి మీదనో నిలుచును. ఈ ప్రాంతపు పలకరాతి పొరలు నిట్టనిలువుగా లేచి, వాగు నడుగున వరుస వరుసలుగా నెర్రెలు ఏర్పరచినవి. ఆ నెర్రెలు బంగారమును పట్టు సహజమైన బోనులు. నీరున్నప్పుడు అవి కానరావు. ఎండిన వాగులో కంటికి కనిపించును, చేతికి అందును. వేసవిలో వెదకుటలోని మర్మ మిదియే.

పెద్దలు సన్నని కొక్కెముతో నెర్రెలోని మట్టిని అట్టడుగువరకు గీకి తీయుదురు. పిల్లలు దానిని జల్లింతురు. పిమ్మట తొట్టిలోని నీటిలో పళ్లెమును ముంచి, మొదట బాగుగ కుదిపి, తరువాత కొంచెము వంచి త్రిప్పుచు పైయిసుకను తొలగింతురు. చివరకు నల్ల ఇసుక మిగులును. దాని అంచున పసుపుపచ్చని నలుసు మెరసినచో శ్రమ ఫలించినట్లే.

మెరయునదెల్ల బంగారము కాదు. అభ్రకము ఎండలో తళుకుమని నీడలో వెలవెలబోవును. పైరైటు సుత్తిదెబ్బకు పొడియగును. బంగారము నీడలోను తన వన్నె విడువదు. దెబ్బకు పగులక పలుచనగును.

దాగియున్న అపాయములు

ఈ వినోదమున జాగ్రత్త ముఖ్యము. ఆ ప్రాంతపు ముడిఖనిజములో బంగారముతో పాటు ఆర్సెనిక్ అను విషధాతువు కూడిన ఖనిజము ఉండును. 19వ శతాబ్దిలో గనులవారు రాతిని పొడిచేసి పారబోసిన దిబ్బలు నేటికిని ఉన్నవి. వాని ధూళి పీల్చుట, ఆ మట్టిచేతులతో పిల్లలు తినుట హానికరము. నాడు బంగారమును పట్టుటకు పాదరసమును వాడిరి. కనుక పళ్లెములో వెండివలె తెల్లబడిన నలుసు దొరకినచో, దానిని పొయ్యిమీద కాచి శుద్ధి చేయరాదు. అదృశ్యముగా లేచు పాదరసపు ఆవిరి ఇంటిల్లిపాదికి విషము. పాతబడిన గనుల గోతులు, పాములు, వేసవి కార్చిచ్చులు వేరుగ నున్నవి.

హక్కు, బాధ్యత

విక్టోరియాలో బంగారపు వేట 1851లో మొదలైనది. బంగారము దొరకినను దొరకకున్నను అనుమతిపత్రపు రుసుము చెల్లింపవలసివచ్చుటయే 1854 డిసెంబరు 3న బల్లారట్‌లో జరిగిన యురేకా తిరుగుబాటునకు ముఖ్యకారణము. మరుసటి సంవత్సరము ఏటికి ఒక పౌను రుసుముతో ‘గనికాని హక్కు’ అను పత్రము వచ్చినది. ఆ పేరి అనుమతిపత్రము నేటికిని కలదు. అది గలవారు చేతి పనిముట్లతో వెదకవచ్చును. కాని చెట్లకు, ఆదివాసుల ప్రాచీన స్థలములకు చెరుపు చేయరాదు; త్రవ్విన గోతిని తిరిగి పూడ్చవలెను.

1869 ఫిబ్రవరి 5న మోలియాగుల్ చెంత, నేలకు కేవలము 3 సెంటీమీటర్ల లోతున, 70 కిలోగ్రాములకు మించిన బంగారపు ముద్ద ఇద్దరు మిత్రులకు దొరకినది. అట్టిది అరుదు. నేటి కుటుంబమునకు దినమంత శ్రమించినను గురివిందగింజ ఎత్తు బంగారమైనను దొరకకపోవచ్చును.

ఈ వేర్పాటును తరగతిగదిలోనే చూపవచ్చును. ఒక పళ్లెములో పిడికెడు ఇసుక, చిటికెడు ఇనుపరజను కలిపి, నీటిలో ముంచి కుదుపుచు త్రిప్పవలెను. ఇసుక జారిపోవును, రజను అడుగున నిలుచును. ఎంత నిలిచినదో అయస్కాంతముతో పరీక్షింపవచ్చును. వాగు కోట్ల సంవత్సరములుగా చేయుచున్న పనిని విద్యార్థి అయిదు నిమిషములలో తన చేతులతో చేసి తెలిసికొనును.