‘రెట్రూషన్’ – పదార్థవిచారము

పలువరుసనుండి వెనుకకు తగ్గిన ముందుపండ్ల స్థితిని దంతవైద్యులు ‘రెట్రూషన్’ అందురు. లాటినున ‘రెట్రో’ యనగా వెనుకకు, ‘త్రూదెరె’ యనగా త్రోయుట. వెనుకకు త్రోయబడుట దీని యవయవార్థము. పన్ను నాలుకవైపు వాలినచో ‘రెట్రోక్లినేషన్’ అగును. ఇందలి ‘క్లినారె’ ధాతువునకు వాలుట యర్థము. మొదటిది జరుగుటను, రెండవది వాలుటను తెలుపును.

సంస్కృతమున ముందుకు పొడుచుకొనివచ్చిన పండ్లు గలవాడు ‘దంతురుడు’. ఉన్నతార్థమున దంతశబ్దముపై ‘ఉరచ్’ ప్రత్యయమును పాణిని (5.2.106) విధించెను. తెలుగున ‘ఎత్తుపండ్లు’ అందుకు సరియైన మాట. దీనికి ప్రతిగా, వెనుకకు తగ్గిన పండ్లకు అంత ప్రసిద్ధమైన మాట వాడుకలో లేదు.

ఈ లోపము స్వల్పము కాదు. మైపాడు, కృష్ణపట్నము వంటి నెల్లూరు తీరగ్రామములనుండి వచ్చిన రోగితో ‘వెనుకపన్ను’ అన్నచో దవడపన్నని తలచును. ఏ పంటికి ఏమి చేయుదురో తెలియక యిచ్చిన సమ్మతి సమ్మతి కాజాలదు.

కావున వాలినవానిని ‘లోవాలుపండ్లు’ అనియు, జరిగినవానిని ‘లోజరుగుపండ్లు’ అనియు వ్యవహరించుట యుక్తము. ‘లో’ యనుటచే నోటిలోపలి దిక్కు స్పష్టమగును. దవడపన్నను భ్రాంతి తొలగును. తిక్కన తేటతెనుగునకు నెలవైన నెల్లూరుసీమలో ఇట్టి మాటలు రోగి చెవికి క్రొత్తవైనను, అర్థమునకు క్రొత్తవి కావు.